సొరుగు మొహాన బొత్తాం

అమ్మడూ,

అమ్మ దీవెనలు. ఇక్కడ అందరం వేళకు తింటున్నాం, వేళకు పోట్లాడుకుంటున్నాం, కాబట్టి బాగున్నామనే అనుకో. నువ్వూ ఒంట్లో కులాసాగా ఉన్నావని తలుస్తాను.

ఈ ఉత్తరం రాస్తున్నది మీ వదిన. చెబుతున్నది నేను. ఎప్పుడూ రాసిపెట్టేది మీ అన్నే అయినా, ఈసారి ఫిర్యాదు వాడి మీద. దొంగ చేత పంచనామా రాయించకూడదు కదా. మీ వదినా వాడి పక్షమే, ఆ సంగతి నాకు తెలుసు. కానీ ఒప్పుకున్న పని ఒప్పుకున్నట్టు చేసే మనిషి. "మీరు చెప్పింది చెప్పినట్టే రాస్తాను అత్తయ్యా, తప్పులు మాత్రం దిద్దుతాను" అంది. "తప్పులు నావి, వాటి జోలికి రాకు" అన్నాను. ఆ మాట కూడా రాయమన్నాను. రాస్తూ నవ్వుతున్న చప్పుడు వినిపిస్తోంది.

ఫిర్యాదు ఏమిటో ముందే చెబుతాను, చివరిదాకా నిన్ను ఊరించడం నాకు రాదు. కొట్టులో నా ఎత్తుపీట మీద నేను కూర్చోవాలా, లేక మేడ మీద కిటికీ పక్కన కూర్చుని వచ్చేపోయే బళ్ళు చూసుకోవాలా అన్నదే తేలాలి. మీ నాన్న పోతూ పోతూ కొట్టు మీ ఇద్దరి పేరా పెట్టాడు. "చెల్లి ఏం చెబితే అది" అని మీ అన్న నోటితోనే అన్నాడు. కాబట్టి తీర్పు నీది. కూతురివని నా వైపు మొగ్గక్కర్లేదు. చెల్లెలివని వాడి వైపూ మొగ్గకు.

ముందు నువ్వు పోయిన ఉత్తరంలో అడిగినవాటికి జవాబులు. నా మోకాళ్ళు మెట్లు దిగేటప్పుడు తిట్టుకుంటాయి, ఎక్కేటప్పుడు నోరు మూసుకుంటాయి. గొడుగులు బాగుచేసే ఆయన ఇప్పటికీ మన గడప పక్కనే కూర్చుంటాడు, ఇప్పటికీ ఏ గొడుగు చూసినా "దీని పని అయిపోయిందమ్మా" అనే మొదలుపెడతాడు. మఫ్లరుకూ స్కార్ఫుకూ తేడా ఏమిటని అడిగావు. మఫ్లరు చలికి కట్టుకునేది. స్కార్ఫు ఎవరైనా చూస్తారని కట్టుకునేది. మీరు రాస్తున్న పిల్లల నిఘంటువులో ఇంతకంటే బాగా రాయగలిగితే రాసుకో.

నీ కోటు సంగతి కూడా అడిగావు. బొత్తాం ఊడిందని అంత దూరం నుంచి పంపితే, కుట్టకుండా బొత్తాన్ని జేబులో వేసి తిప్పి పంపాను. పైగా అక్కడ దర్జీలు లేరా అని రాయించాను. "నేనేం తప్పు చేశానమ్మా?" అన్నావు. దానికి జవాబు ఉంది. కొంచెం ఆగు.

నువ్వు వెళ్ళాక కొట్టు పెద్దగా మారలేదు. ఒక పక్క జిరాక్సు కొట్టు, ఇంకో పక్క ఇస్త్రీ కొట్టు, మధ్యలో మనం. లోపలికి వస్తే ఎడమ గోడంతా చెక్క సొరుగులు. మూతపడిన మందుల కొట్టు నుంచి మీ నాన్న కొనుక్కొచ్చినవి, చెమ్మ తగిలితే ఇప్పటికీ మందుల వాసన వేస్తాయి. వాటి మీద పేర్లు రాద్దామని మీ నాన్న అప్పట్లో చాలా ముచ్చటపడ్డాడు. "నువ్వు రాస్తావు, సరే. నువ్వు సరుకు కోసం వెళ్ళిన రోజున వాటిని ఎవరు చదువుతారు? కొట్టు మూసేసి వెళ్తావా?" అన్నాను. ఆయన కాసేపు గడ్డం గోక్కుని, వడ్రంగి బరమా తెచ్చి ప్రతి సొరుగు మొహానికీ రెండేసి బెజ్జాలు పెట్టాడు. ఆ బెజ్జాల్లోంచి దారం పోనిచ్చి, లోపల ఏముందో దాని మచ్చు ఒకటి పైన కుట్టాను. బొత్తాల సొరుగుకు బొత్తాం. బెల్టుల సొరుగుకు బకిల్. పాత గ్లౌజు బొటనవేలు కత్తిరించి గ్లౌజుల సొరుగుకు, విరిగిన గొడుగు పుల్ల ముక్క గొడుగు సామాను సొరుగుకు, అరచేతిలో పట్టేంత జిప్పు జిప్పుల సొరుగుకు. సొరుగు తన కడుపులో ఉన్నదాన్నే మొహాన పెట్టుకుని నిలబడేది. ఇదంతా నీకు తెలిసిందే. అయినా తీర్పు చెప్పేవాళ్ళకు మొదటి నుంచి చెప్పాలి.

మొన్న వానలకు కింది వరుసలోకి చెమ్మ వచ్చింది. తెల్ల గ్లౌజులు బూజు పడతాయని వాటిని తీసి, పైన గొడుగు సామాను సొరుగులో పెట్టాను. గొడుగు పిడులు బయట బుట్టలో వేశాను. మచ్చులు మాత్రం మార్చలేదు. గొడుగు పుల్ల మొహాన అలాగే ఉంది, లోపల గ్లౌజులు. అలాగే ఇంకొన్ని సొరుగులు కూడా. ఎక్కడ ఏముందో నాకు తెలుసు కదా అనుకున్నాను.

నేను మేడ మీద భోజనం చేస్తుండగా బ్యాండు మేస్త్రి వచ్చాడు. గుర్తున్నాడు కదా, బూర ఊది ఊది బుగ్గలు బంతుల్లా ఉబ్బినాయన. బ్యాండు మొత్తానికీ తెల్ల గ్లౌజులు కావాలన్నాడు. మీ అన్న వంగి, బొటనవేలు కుట్టిన సొరుగు లాగాడు. ఖాళీ. "అయిపోయాయండీ" అన్నాడు. ఆయన ఎదురు కొట్టుకు పోయాడు. ఎదురు కొట్టు బట్టతలాయన మన వైపు చూసి చెయ్యి కూడా ఊపాడట.

నేను దిగి వచ్చాక ఇలా జరిగింది.

"గ్లౌజులు గొడుగు పుల్ల సొరుగులో ఉన్నాయి కదరా."

"గొడుగు సొరుగులో గ్లౌజులుంటాయని నేనెలా కలగంటానమ్మా?"

"అడిగితే చెప్పనా?"

"మెట్లెక్కి వచ్చి అడిగి దిగేలోపు ఆయన ఎదురు కొట్టులో మేళం మొదలెట్టేశాడు."

మాట అంతటితో ఆగితే ఈ ఉత్తరం ఉండేది కాదు. వాడు కత్తెర తీసుకుని వరసగా మచ్చులన్నీ ఊడదీశాడు. మర్నాడు ప్రతి సొరుగు మీదా అచ్చు వేసిన కాగితం అంటించి, పైన మెరిసే టేపు వేశాడు. అన్నీ ఇంగ్లీషు మాటలే. సరుకు పెట్టెల మీద అదే ఉంటుందట, ఫోను చేసి అడిగేవాళ్ళు అదే అడుగుతారట. అది నిజమే, కాదనను. ఎవరో ఒకావిడ ఫోను చేసి "బకిల్ ఉందా" అంటే, వాడు ఆ కాగితం చూసి టక్కున సొరుగు లాగుతున్నాడు. నేను పీట మీద కూర్చుని గోడ వైపు చూస్తున్నాను. గోడ నాతో మాట్లాడటం మానేసింది.

చదువు రాదని నన్ను నా కొట్టులోనే పరాయిదాన్ని చేశావురా అని అరిచాను. వాడు నొచ్చుకున్నాడు. సాయంత్రానికి అక్షరాలు పెద్దవి చేసి కొత్త కాగితాలు తెచ్చాడు. "చదవక్కర్లేదమ్మా, ఆకారం గుర్తుపెట్టుకో. ఇదిగో, ఇంత లావున వేయించాను" అన్నాడు. "ఏనుగంత వేయించినా నాకొద్దు" అన్నాను. వాడు ప్రేమతోనే తెచ్చాడు. ఆ సంగతి కూడా రాయమ్మా, దాచకు. మీ వదినతో అంటున్నాను.

ఈ గొడవలో ఉండగా నీ ఉత్తరం వచ్చింది. పిల్లల బొమ్మల నిఘంటువులో నీ వంతుకు బట్టలకు తోడు పెట్టుకునే సామాన్లు వచ్చాయని, ఒక్కో ఇంగ్లీషు మాట ఎక్కడ పుట్టిందో వెతుకుతున్నానని రాశావు. మన కొట్టు సరుకంతా నీ బల్ల మీదికి చేరిందన్నమాట. మీ వదిన చదువుతుంటే వక్కపొడి నములుతూ విన్నాను. పట్టనట్టు కూర్చున్నానని నీకు ఈవిడ రాసి ఉంటుంది. పట్టింది.

బటన్ అంటే మొదట్లో మొగ్గ అట. మన బొత్తాం కూడా ఆ మొగ్గ కొమ్మకే పూసిందట, ఓడల్లో వచ్చినవాళ్ళు దించిపోయారట. బకిల్ అంటే చిన్న బుగ్గ, సైనికుడి ఇనప టోపీ పట్టీ చెంప దగ్గర బిగించేవాళ్ళు కాబట్టి. అంబ్రెల్లా అంటే చిన్న నీడ. ఎండకు పుట్టినదాన్ని మనం వానకు తిప్పుతున్నాం. లేసు అంటే ఉచ్చు. రోజూ పొద్దున్నే మగాళ్ళందరూ వంగి, తమ కాళ్ళకు తామే రెండు ఉచ్చులు బిగించుకుని ఉద్యోగాలకు పోతున్నారన్నమాట. ఇది విని మీ అన్న కూడా నవ్వాడు. టై అంటే కట్టడమేనని, అందులో ఇంకేమీ లోతు లేదని రాశావు. నాకూ ఎప్పుడూ అలాగే అనిపించేది. జిప్పు మాత్రం దాని చప్పుడట. అది నాకు అన్నిటికంటే నచ్చింది. ఎందుకు నచ్చిందో తరవాత చెబుతాను.

మధ్యాహ్నం షట్టరు సగం దించి, ముగ్గురం కొట్టులోనే తింటున్నప్పుడు నా వాదన మొదలుపెట్టాను.

"ఒరేయ్, చెల్లి రాసింది విన్నావుగా. బొత్తానికి మొదట పేరు పెట్టినవాడు ఏం చేశాడు? మొగ్గను తెచ్చి దాని మొహాన పెట్టాడు. గొడుగు మొహాన నీడను పెట్టాడు. బకిల్ మొహాన బుగ్గను పెట్టాడు. నేనేం చేశాను? అదే చేశాను. నువ్వు అంటించిన కాగితాలున్నాయే, వాటి మీద ఉన్నవి కూడా ఒకప్పుడు ఎవడో కుట్టిన మచ్చులే. వాళ్ళు కుడితే చదువు, నేను కుడితే మొరటుతనమా?"

మీ వదిన ముద్ద ఆపి "అత్తయ్య వాదన బాగుంది" అంది. ఇది ఆవిడ రాయనని మొరాయిస్తోంది. రాసి తీరాలి.

మీ అన్న తాపీగా నమిలి, నీళ్ళు తాగి అప్పుడు అందుకున్నాడు. "బాగుందమ్మా. మరి స్కార్ఫు సంగతేమిటి? మెళ్ళో వేలాడేసుకునే సంచి అయి ఉండొచ్చని చెల్లే రాసింది. సాక్సు అంటే పల్చటి చెప్పు. రేపు ఎవరైనా వచ్చి సాక్సు అడిగితే చెప్పులివ్వనా? హ్యాండ్‌కర్చీఫ్ అంటే చేతి తలగుడ్డ. జలుబు చేసినాయన వచ్చి అడిగితే తలకు చుట్టి పంపనా?"

"అవి పాత మాటలురా."

"నీ మచ్చులూ అంతే కదమ్మా. మొహాన గొడుగు, కడుపులో గ్లౌజు. పెట్టినవాళ్ళకు తప్ప ఇంకెవరికీ తెలియదు."

నువ్వు పంపిన సాక్ష్యం సగం నాకు పనికొచ్చింది, మిగతా సగం వాడికి పనికొచ్చింది. ఆ స్కార్ఫు మాట రాయకుండా ఉండాల్సింది నువ్వు.

"అయితే నన్ను మేడ మీద కూర్చోమంటావు."

"నేనలా అన్నానా?"

"నీ కాగితాలంటున్నాయి."

"అమ్మా, నీతో నావల్ల కాదు. చెల్లికి రాయించు. చెల్లి ఏం చెబితే అది."

అదీ జరిగింది. ఇప్పుడు నువ్వు అడిగినదానికి వస్తాను. కాగితాల గొడవ మీ అన్న నీకు ముందే రాశాడట, దానికి నువ్వు పోయిన ఉత్తరంలోనే "అన్నయ్య చెప్పింది సబబుగానే ఉంది కదమ్మా, కాగితాలంటే నీకు నిజంగా ఎందుకంత కోపం?" అన్నావు. నిజంగా అనే మాట కింద గీత గీశావట. మీ వదిన చెప్పింది.

చదువు రాకపోవడం వల్ల కాదు. నాకు చదువు ఎన్నడూ రాదు, ఎన్నడూ కొట్టు ఆగలేదు. బ్యాంకులో వేలిముద్ర వేసి తల ఎత్తుకునే బయటికి వచ్చాను. అచ్చు మాటలు ఆకారం చూసి గుర్తుపెట్టుకోమంటే పెట్టుకోగలను. బస్సుల మీది రాతలు చూసి ఎక్కలేదా ఇన్నేళ్ళూ?

అమ్మడూ, నాకు ఆకారాలు కనిపించడం లేదు.

రాయి, ఆపకు. ఎందుకు ఆపావు? నేను చెబుతూనే ఉన్నాను, నువ్వు రాస్తూనే ఉండాలి. ఒప్పుకున్నావు.

వానలకు ముందు నుంచే. చూపు నడిమధ్యలో పొగ కమ్మినట్టు ఉంటుంది. చుట్టూ అంచులు మాత్రం తేటగా ఉంటాయి. మీ అన్న ఎదురుగా నిలబడితే భుజాలు కనిపిస్తాయి, మొహం ఉన్నచోట పొగ. పక్కకు చూస్తే మొహం మూలకు వచ్చి తొంగి చూస్తుంది, నేరుగా చూడగానే మాయం. మనుషుల్ని గొంతును బట్టి, నడకను బట్టి, చొక్కా రంగును బట్టి పట్టుకుంటున్నాను. ఇంతవరకూ ఎవరూ కనిపెట్టలేదు. చదువు రానిదానికి చూపు పోతే కనిపెట్టడం కష్టం అమ్మడూ. ఏ కాగితం చేతికిచ్చినా "నాకు రాదు కదా, నువ్వే చదువు" అంటే సరిపోతుంది. ఎవరూ ఇంకో ప్రశ్న అడగరు.

సొరుగులు మాత్రం నాకు చూపుతో పని లేకుండా దొరికేవి. గోడ మీద చెయ్యి ఆనించి నడుస్తూ పోతే వేలికి అన్నీ తెలిసేవి. బొత్తానికి నాలుగు బెజ్జాలు. బకిల్‌కు చల్లటి నాలుక. జిప్పును అటూ ఇటూ లాగితే తన పేరు తనే చెప్పుకునేది. అందుకే ఆ మాట నచ్చింది. మీ అన్న అంటించిన టేపు మీద చెయ్యి పెడితే అద్దం మీద పెట్టినట్టే. ఎంత పెద్ద అక్షరమైనా వేలికి తగలదు.

కంటి డాక్టరు దగ్గరికి ఒక్కదాన్నే వెళ్ళాను, జిప్పుల మచ్చులు చూసి వస్తానని ఇంట్లో చెప్పి. ఆయన అక్షరాల అట్ట చూపించి చదవమన్నాడు. రాదన్నాను. బొమ్మల అట్ట తీశాడు. ఒక బొమ్మ చూపించి ఇదేమిటన్నాడు. గుర్రం అన్నాను. గొడుగట. గొడుగులమ్ముకుని బతికినదాన్ని. ఆయన నవ్వలేదు. పోయింది తిరిగి రాదని, ఉన్నది నిలబడాలంటే కంటికి సూదిమందు వేయించుకోవాలని, ఇంట్లోవాళ్ళను వెంటబెట్టుకు రమ్మని చెప్పాడు. వెంటబెట్టుకు వెళ్ళాలంటే చెప్పాలి. చెబితే పీట దింపుతారు. మీరు మంచివాళ్ళు కాబట్టి ఇంకా తొందరగా దింపుతారు. మంచి కుర్చీ వేసి, దిండు పెట్టి, కాళ్ళ మీద శాలువా కప్పి కూర్చోబెడతారు. ఆ శాలువాను తలుచుకునే నోరు మూసుకున్నాను.

నీ కోటుకు జవాబు కూడా ఇదే. అది వచ్చిన మధ్యాహ్నం సూది తీసుకుని కూర్చున్నాను. దారం కొస తడిపాను, మెలిపెట్టాను. సూది బెజ్జం ఎక్కడుందో నా వేలికి తెలుస్తోంది, దారానికి తెలియడం లేదు. పొద్దు వాలేదాకా పోరాడాను. ఇంట్లో ఎవరినైనా దారం ఎక్కించిపెట్టమంటే ఎందుకని అడుగుతారు. ఈ ఇంట్లో అందరి సూదులకూ దారం ఎక్కించినదాన్ని నేను. అందుకే జేబులో వేసి పంపి, నిన్నో మాట అన్నాను. గ్లౌజులు పైకి మార్చినప్పుడు మచ్చులు మార్చనిది కూడా అందుకే. గుర్తుంటుందిలే అని కాదు. ఊడదీస్తే మళ్ళీ కుట్టలేను. బ్యాండు మేస్త్రి చెయ్యిజారింది మీ అన్న వల్ల కాదు.

ఇక్కడ ఉత్తరం ఆగింది. ఎందుకు ఆగిందో, ఆగినప్పుడు ఏం జరిగిందో కూడా రాయిస్తున్నాను, తీర్పు చెప్పేవాళ్ళకు అన్నీ తెలియాలి.

మీ వదిన కలం బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. "అత్తయ్యా, అయితే ఇన్నాళ్ళూ నా మొహంలోకి చూస్తూ తిట్టినవన్నీ మొహం కనిపించకుండానే తిట్టారా?"

"తిట్టడానికి మొహం ఎందుకే, గొంతు వినిపిస్తే చాలదూ?"

అది నవ్వబోయింది, సగంలో ఇంకేదో అయింది, ముక్కు ఎగబీల్చింది. "చేతి తలగుడ్డ తెచ్చుకో" అన్నాను. లేచి మెట్లు దిగి వెళ్ళిపోయింది. నేను కాగితం ముందు కూర్చున్నాను. కింద మాటలు వినిపించలేదు. తరవాత సొరుగులు లాగుతున్న చప్పుడు, ఒకదాని తరవాత ఒకటి, చాలాసేపు. ఊడదీసిన మచ్చులు పారేశాడనే అనుకున్నాను ఇన్నాళ్ళూ.

ఇద్దరూ పైకి వచ్చారు. మీ అన్న అడుగు నాకు తెలుసు, కుడి చెప్పు ఈడుస్తాడు. వచ్చి నా ఎదురుగా కాకుండా పక్కగా కూర్చున్నాడు. మీ వదిన చెప్పి ఉంటుంది, పక్కనుంటే కనిపిస్తుందని.

"ఎప్పటి నుంచి?"

"వానలకు ముందు నుంచి."

"డాక్టరు దగ్గరికి ఒక్కదానివే రోడ్డు దాటి వెళ్ళావా?"

"ఇస్త్రీ కొట్టాయన అటే వెళ్తుంటే వెనకాలే నడిచాను. ఆయనకూ తెలియదు."

కసురుతాడనుకున్నాను, నా జవాబులు కూడా సిద్ధం చేసుకున్నాను. కసరలేదు. జేబులోంచి ఏదో తీసి నా ఒళ్ళో పోశాడు. గలగలమన్నాయి. వేళ్ళు పెట్టి చూశాను. గ్లౌజు బొటనవేలు. చల్లటి నాలుక. నాలుగు బెజ్జాలు.

"రేపు పొద్దున డాక్టరు దగ్గరికి. కొట్టు మధ్యాహ్నం తెరుద్దాం. ఎక్కడ ఏముందో నువ్వు చెప్పు, ఈవిడ కుడుతుంది. కాగితాలు మాత్రం ఉంటాయి. నాకు అవి కావాలి."

"ఉండనీ. వాటి కిందే కుట్టించు. ఇకమీద సొరుగులో సరుకు మారితే మొహాన మచ్చు కూడా మారాలి. గొడుగులో గ్లౌజులు నేను కూడా ఒప్పుకోను."

"పెట్టిందే నువ్వు!"

"అందుకే చెబుతున్నాను."

"పీట మీదే కూర్చుంటావా, వీపు ఆనించుకునే కుర్చీ తెమ్మంటావా?"

"పీట."

"సరే, పీట."

ఇంతే. కాబట్టి తీర్పు రాసి ఉంటే చించెయ్, రాయకపోతే మొదలుపెట్టకు. నువ్వు ఉన్నపళంగా బయల్దేరి రావద్దు. వచ్చి నువ్వు నా కంటిని పట్టుకుని నిలబెట్టలేవు. మీ పుస్తకం పని అయ్యాకే రా. వచ్చినప్పుడు ఎదురుగా నిలబడకు, కొంచెం పక్కగా నిలబడు.

మీ పుస్తకంలో స్కార్ఫు పక్కన సంచి బొమ్మ వేయించకు, పిల్లలు తికమకపడతారు. బొత్తాం దగ్గర మొగ్గ అని తప్పకుండా రాయి. వీలైతే ప్రతి పుస్తకంలోనూ ఆ మాట పక్కన నిజం బొత్తాం ఒకటి కుట్టమని మీ అచ్చువాళ్ళను అడుగు. కుదరదంటారు. అయినా అడిగి చూడు.

కోటు మళ్ళీ పంపు. బొత్తాం జేబులో వేసి పంపు.

మీ వదిన ఇప్పుడే సూదులన్నిటికీ దారం ఎక్కించి, గుడ్డకు వరసగా గుచ్చి నా ముందు పెట్టింది. చాలినన్ని ఉన్నాయి. వేలిముద్రకు సిరా డబ్బా తేబోయింది, వద్దన్నాను. ఈ కాగితం చివర ఒక బొత్తాం కుట్టాను, అదే నా సంతకం. వంకరగా ఉంటే నేను కుట్టినట్టు. తిన్నగా ఉంటే మీ వదిన దిద్దినట్టు, దాని సంగతి నేను చూసుకుంటాను.

ఇట్లు,
అమ్మ